స్టెమ్ సెల్స్‌తో నాన్నగారి గుండె బాగవుతుందా? ఆరున్నర లక్షలు కట్టే ముందు

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి రాస్తా, తేడా ఉంటే చెప్పండి. నాన్నగారికి 61 ఏళ్ళు, 7 నెలల కిందట హార్ట్ ఎటాక్, ముందువైపు రక్తనాళంలో స్టెంట్ వేశారు, డిశ్చార్జ్ అప్పుడు ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) 30 అని రాశారు, ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం. ఒక సెంటర్ వాళ్ళు నడుం ఎముకలోంచి మూలుగ తీసి, అందులో స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు) వేరుచేసి గుండెకి ఎక్కిస్తాం, ఈఎఫ్ 10-15 పెరుగుతుంది, ఆరున్నర లక్షలు అవుతుంది అన్నారు. నలుగురు పేషెంట్ల వీడియోలు, ముందూ తర్వాతా ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టులు చూపించారు. అర ఎకరం అమ్మి కట్టొచ్చా అని అడిగారు.

కట్టొద్దండీ. గుండె జబ్బుకి స్టెమ్ సెల్స్ ఇవ్వడం మన దేశంలో ట్రయల్‌గా (పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనగా) మాత్రమే చేయాలి, ట్రయల్ అయితే ఆ సెల్స్‌కి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటేనే అది ట్రయల్ కాదని అర్థం. ఇంక వాళ్ళు చూపించిన ఈఎఫ్ పెరిగిన రిపోర్టుల సంగతి, అసలు నేను ఇంత పొడుగు రాయడానికి కారణం అదే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. 19 ఏళ్ళుగా ఎకో తీసే పనిలో ఉన్నా, అందులో చివరి 8 ఏళ్ళు ట్రయల్స్‌లో వచ్చే ఎకోలు చదివి కొలిచే ల్యాబ్‌లో. అంటే ఆ ఈఎఫ్ అనే నంబరు పుట్టేది మా చేతుల్లోనే, అది ఎంత అటూ ఇటూ ఊగుతుందో మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఈఎఫ్ అంటే గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి నెడుతుందో ఆ లెక్క. మామూలు మనిషికి 55 పైన ఉంటుంది. దాన్ని కొలవడానికి ఒకటి కంటే ఎక్కువ పద్ధతులున్నాయి. ఎమ్-మోడ్ అని ఒక గీత గీసి కొలిచేది (టైకోల్జ్ అంటాం), రెండు కోణాల్లో గది మొత్తం అంచు గీసి కొలిచేది సింప్సన్స్, ఇవి కాకుండా అనుభవం మీద కంటితో చూసి రాసేది, రద్దీగా ఉండే ఓపీల్లో ఎక్కువగా జరిగేది ఇదే. నాన్నగారిలా ముందువైపు ఎటాక్ వచ్చినవాళ్ళకి గుండె కొస కదలదు, మొదలు మాత్రం బాగానే కొట్టుకుంటుంది. ఎమ్-మోడ్ గీత పడేది మొదలు దగ్గర. కాబట్టి సింప్సన్స్‌లో 30 వచ్చిన గుండెకే ఎమ్-మోడ్‌లో 42, 45 వస్తుంది. మనిషి అదే, గుండె అదే, రోజు కూడా అదే. మందూ లేదు మాకూ లేదు, పద్ధతి మారిస్తే 12 పాయింట్లు పెరిగిపోయాయి! అందుకని ముందు-తర్వాత రిపోర్టులు ఎవరైనా చూపిస్తే నేను నంబరు చూడను, ఏ పద్ధతి అని రాశారో చూస్తా. సగం రిపోర్టుల్లో అసలు రాసే ఉండదు.

పద్ధతి మార్చకపోయినా తేడాలొస్తాయి. మా ల్యాబ్‌లో కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఒకే ఎకో వీడియో ముగ్గురికి ఇచ్చి విడివిడిగా కొలవమనేవాళ్ళం, ఒకసారి 31, 35, 38 వచ్చాయి, ముగ్గురూ పని తెలిసినవాళ్ళే. అంటే ఒక మనిషికి 5 పాయింట్లు పెరగడం అనేది చాలాసార్లు పెరగడం కాదు. పైగా ఈ పేషెంట్‌కి ట్రీట్‌మెంట్ ఇచ్చారు అని నాకు ముందే తెలిస్తే నా చెయ్యి కూడా కొంచెం పైకే గీస్తుంది, కావాలని కాదు, మనసు అలా లాగుతుంది అంతే. అందుకే మంచి ట్రయల్స్‌లో మాకు పేరు, తేదీ, ఏ గ్రూపు, ముందుదా తర్వాతదా ఏమీ తెలీకుండా కలగాపులగం చేసి పంపిస్తారు.

ఇంకో విషయం, ఎటాక్ వచ్చిన వారంలో తీసిన ఎకో చాలాసార్లు అన్యాయంగా తక్కువ చూపిస్తుంది. రక్తం అందక చచ్చిపోయిన కండరం కొంత, చావకుండా సొమ్మసిల్లి పడున్న కండరం కొంత ఉంటుంది. స్టెంట్ వేసి రక్తం వదిలాక ఆ సొమ్మసిల్లింది కొన్ని వారాల్లో లేస్తుంది. దానికి మందులు తోడైతే ఇంకా బాగుంటుంది. నాకు బాగా గుర్తున్న కేసు ఒకటి, 54 ఏళ్ళ లారీ డ్రైవర్, డిశ్చార్జ్‌లో 28, ఆరు నెలలకి మళ్ళీ నేనే అదే మెషిన్ మీద సింప్సన్స్‌లో తీశా, 41 వచ్చింది. ఆయన చేసిందల్లా సిగరెట్లు మానేసి మాత్రలు టైముకి వేసుకోవడమే. మధ్యలో ఎక్కడైనా స్టెమ్ సెల్స్ ఎక్కించుకుని ఉంటే ఈ పాటికి వీడియోలో ఉండేవాడు. జ్వరం 104 ఉన్నప్పుడు తాయెత్తు కడితే రెండ్రోజులకి తగ్గుతుంది, పేరు తాయెత్తుకి పోతుంది, ఇదీ అంతే.

అందుకే ఎంత పెరిగింది అని కాదు, ఇవ్వనివాళ్ళకి ఎంత పెరిగిందో దానికంటే ఎంత ఎక్కువ పెరిగింది అని అడగాలి. మీకు చూపించిన నలుగురి వీడియోల్లో ఆ రెండో సగం లేదు.

ఆ రెండో సగం పెట్టి చేసిన ట్రయల్స్ సంగతి చెప్తా. జర్మనీలో హానోవర్‌లో బూస్ట్ అని 60 మందితో చేశారు, 2004లో వచ్చింది, సరిగ్గా మీకు చెప్పిన పద్ధతే, సొంత మూలుగ సెల్స్ గుండె రక్తనాళంలోకి. ఆరు నెలలకి సెల్స్ ఇచ్చినవాళ్ళకి 6.7 పాయింట్లు పెరిగింది, ఇవ్వనివాళ్ళకి 0.7. అందరూ ఎగిరి గంతేశారు. 18 నెలలకి చూస్తే ఇవ్వనివాళ్ళు కూడా పుంజుకున్నారు, తేడా లెక్కకి నిలవలేదు. తర్వాత 2006లో రిపేర్-ఏఎంఐ అని 204 మందితో పెద్దది, అందులో సెల్స్ గ్రూపుకి 5.5, ఉత్త ద్రవం ఎక్కించిన గ్రూపుకి 3.0. గమనించండి, సెల్స్ ఇవ్వనివాళ్ళకి కూడా 3 పెరిగింది. అసలు లాభం రెండున్నర పాయింట్లు, మీ సెంటర్ వాళ్ళు చెప్పేది 10-15. అదే ఏడాది నార్వేలో 100 మందితో చేసిన ఆస్టమీలో తేడా ఏమీ కనపడలేదు. 

సరే ఈఎఫ్ సంగతి వదిలేద్దాం, మనిషి ఎక్కువకాలం బతుకుతాడా అనేదే కదా కావాల్సింది. అది తేల్చడానికి యూరప్‌లో బామీ అని మొదలుపెట్టారు, 3000 మంది కావాలనుకున్నారు, చివరికి దొరికింది 375 మంది. రెండేళ్ళలో చనిపోయింది సెల్స్ గ్రూపులో 3.26 శాతం, మామూలు ట్రీట్‌మెంట్ గ్రూపులో 3.82 శాతం. చేరింది తక్కువమంది, చనిపోయినవాళ్ళు కూడా ఊహించిన దానికంటే చాలా తక్కువ, కాబట్టి దీన్ని బట్టి అస్సలు పనిచేయదు అని కూడా ఖాయంగా అనలేం. కానీ పనిచేస్తుంది అని చెప్పి డబ్బు తీసుకోవడానికి ఇందులో ఏముంది? స్టెంట్లూ మందులూ సరిగ్గా ఇస్తే ఈ రోజుల్లో చాలామంది బతుకుతున్నారు అన్నది మాత్రం రెండు గ్రూపుల్లోనూ కనిపిస్తోంది.

మరి ఇంత గొడవ ఎక్కడ మొదలైంది అంటే 2001లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, ఎలుకల్లో మూలుగ సెల్స్ గుండె కండరంగా మారిపోయాయి అని. మూడేళ్ళకి, 2004లో, వేరే రెండు ల్యాబ్‌ల వాళ్ళు అదే నేచర్‌లో, మేం చేస్తే మారట్లేదు అని రాశారు. అప్పటికే మనుషుల్లో ట్రయల్స్ మొదలైపోయాయి. ఆ పేపర్ వెనకున్న పెద్దమనిషి పియరో అన్వెర్సా, తర్వాత హార్వర్డ్ కింద బోస్టన్‌లో ల్యాబ్ నడిపాడు, గుండెలోనే స్టెమ్ సెల్స్ ఉన్నాయి, తీసి పెంచి మళ్ళీ పెడితే బాగవుతుంది అనే లైను. 2018లో హార్వర్డ్, బ్రిగమ్ హాస్పిటల్ కలిసి ఆయన ల్యాబ్ పేపర్లు 31 వెనక్కి తీసుకోమని పత్రికలకి చెప్పాయి, డేటా తారుమారు చేశారని. అంతకు ముందు ఏడాదే ఈ రీసెర్చ్ గ్రాంట్ల కేసులో ఆ హాస్పిటల్ వాళ్ళు అమెరికా ప్రభుత్వానికి కోటి డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నారు. ఆ సెల్స్‌తో మనుషుల్లో చేసిన స్కిపియో ట్రయల్ లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో 2011లో వచ్చింది, 2019లో దాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ ఎందుకంటే, సెంటర్ వాళ్ళు మీకు లాన్సెట్‌లో వచ్చింది సార్ అని ప్రింటవుట్ ఇస్తే ఆ పేపర్ పేరు పెట్టి వెతికి, మీద రిట్రాక్టెడ్ అని ఉందేమో చూడండి. రెండు నిమిషాల పని.

నాకు అన్నిటికంటే నచ్చింది, కొత్తవాళ్ళందరికీ చూపించేది 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక లెక్క. లండన్ ఇంపీరియల్ కాలేజీలో డారెల్ ఫ్రాన్సిస్ గ్రూపు వాళ్ళు మూలుగ సెల్స్ ట్రయల్స్ 49 తీసుకుని, ఒక్కో పేపర్లో పొంతన లేని విషయాలు లెక్కపెట్టారు. అంటే ఒక చోట పేషెంట్ చనిపోయాడని ఉంటుంది, ఇంకో టేబుల్లో అదే పేషెంట్ ఫాలోఅప్‌కి వచ్చినట్టుంటుంది, అలాంటివి. మొత్తం 600 పైన దొరికాయి. ఒక్క తప్పు కూడా లేని ట్రయల్స్‌లో ఈఎఫ్ లాభం సగటున మైనస్ 0.4. తప్పులు 30 దాటిన ట్రయల్స్‌లో 7.7. అంటే పేపర్ ఎంత అడ్డదిడ్డంగా ఉంటే గుండె అంత బాగుపడింది అన్నమాట. నేను మొదటిసారి ఆ గ్రాఫ్ చూసినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత నవ్వురాలేదు.

ఎందుకు పనిచేయదు అని మీరు అడగలేదు గానీ చెప్తా. ఒక పెద్ద ఎటాక్‌లో పోయే గుండె కండరం సెల్స్ వంద కోట్ల దాకా ఉంటాయి. గుండె తనంతట తాను వాటిని దాదాపు పుట్టించుకోదు. అణుబాంబు పరీక్షల వల్ల గాల్లోకి, అక్కణ్ణుంచి మన ఒంట్లోకి చేరిన కార్బన్-14 (ఒక రకం రేడియోధార్మిక కార్బన్) ఆధారంగా స్వీడన్‌లో 2009లో లెక్క కట్టారు, 25 ఏళ్ళ వయసులో ఏడాదికి 1 శాతం సెల్స్ కొత్తవి వస్తాయి, 75 వచ్చేసరికి 0.45 శాతం. ఇంక బయట్నుంచి ఎక్కించినవి అక్కడ నిలవవు. కొట్టుకుంటున్న గుండె, పారుతున్న రక్తం, పంటకాలవలో విత్తనాలు చల్లినట్టు ఉంటుంది. మూలుగ సెల్స్‌కి గుర్తు పెట్టి స్కాన్ చేస్తే గంట అటూ ఇటూగా గుండెలో మిగిలింది 3 శాతం లోపే. సరే అవి కండరంగా మారవు, ఏవో మంచి రసాయనాలు వదులుతాయి అని తర్వాత అన్నారు. 2020లో సిన్సినాటి వాళ్ళు ఎలుకల్లో చేస్తే, బతికున్న సెల్స్ ఇచ్చినా, చచ్చిన సెల్స్ ఇచ్చినా, అసలు సెల్స్ లేకుండా వాపు తెప్పించే ఒక పదార్థం ఇచ్చినా వచ్చిన లాభం ఒకేలా ఉంది. అదొక వాపు లాంటి స్పందన, మచ్చ కాస్త గట్టిపడుతుంది, అంతవరకే.

స్టెమ్ సెల్స్ అంటేనే మోసం అని మాత్రం నేననట్లేదు. లుకేమియా, తలసీమియాలకి మూలుగ మార్పిడి నిఖార్సైన వైద్యం. మన హైదరాబాద్‌లోనే ఎల్‌వీ ప్రసాద్‌లో కంట్లో సున్నం, యాసిడ్ పడినవాళ్ళకి కంటి అంచు స్టెమ్ సెల్స్‌తో 2001 నుంచి చూపు తెప్పిస్తున్నారు. బెంగళూరు కంపెనీ ఒకటి కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయే జబ్బుకి స్టెమ్ సెల్ మందు చేసి పర్మిషన్ తెచ్చుకుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇండియాలో అప్రూవ్ అయింది సార్ అని మీకు చెప్తే ఏ జబ్బుకి అని అడగండి, కాళ్ళకి వచ్చిన పర్మిషన్ గుండెకి పనికిరాదు. గుండెకి కూడా జపాన్, జర్మనీల్లో ల్యాబ్‌లో నిజంగా కొట్టుకునే గుండె కండరం పెంచి ముక్కలుగా అతికిస్తున్నారు, ఏదో ఒకరోజు వస్తుందని నాకూ ఆశే. కానీ అదే జపాన్‌లో తొడ కండరం సెల్స్‌తో చేసిన హార్ట్‌షీట్ అనే గుండె మీద అతికించే పొరకి 2015లో షరతుల మీద పర్మిషన్ ఇచ్చి, దాదాపు తొమ్మిదేళ్ళు చూసి, ఫలితం రుజువు కాలేదని 2024లో పక్కన పెట్టారు. గుండె ఫెయిల్యూర్ మీద ఇప్పటిదాకా చేసిన పెద్ద స్టెమ్ సెల్ ట్రయల్స్‌లో ఒకటి డ్రీమ్-హెచ్ఎఫ్, 537 మందికి చేశారు, సగం మందికి క్యాథ్‌ల్యాబ్‌లో (స్టెంట్లు వేసే గది) పడుకోబెట్టి ఇంజెక్షన్ ఇచ్చినట్టే నటించారు. పదేపదే ఆస్పత్రిపాలవడం తగ్గుతుందా అన్న ముఖ్యమైన ప్రశ్నకి తగ్గలేదనే వచ్చింది, ఎటాక్‌లూ పక్షవాతాలూ కొంత తగ్గినట్టు కనపడింది, అది మళ్ళీ ఇంకో ట్రయల్‌లో తేలాలి.

ఇప్పుడు మీరు ఆ సెంటర్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి. సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ ఎంత అని అడగండి, అందులో ఏడాది, నెల, తర్వాత ఒక నంబరు ఉంటాయి, సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. నంబర్ ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, రిజిస్టర్ చేయడం వేరు పర్మిషన్ రావడం వేరు, కంట్రోల్ గ్రూపు (సెల్స్ ఇవ్వకుండా పోల్చి చూసే గ్రూపు) ఉందా, డీసీజీఐ (కేంద్ర మందుల నియంత్రణ అధికారి) అనుమతి ఉందా, ఎథిక్స్ కమిటీ ఏది అన్నవి అందులోనే చూడండి. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం ట్రయల్ బయట ఇలా ఇవ్వకూడదు కదా మరి డబ్బెందుకు అని సూటిగా అడగండి. ఏమైనా జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారో కాయితం మీద రాసిమ్మనండి, నిజం ట్రయల్‌లో 2019 రూల్స్ ప్రకారం అది వాళ్ళ బాధ్యత. నాకు తెలిసి రెండో ప్రశ్నకే గొంతు మారుతుంది.

ఒక ప్రమాదం మాత్రం ఇప్పుడే చెప్పాలి. నాన్నగారికి స్టెంట్ వేసి 7 నెలలే, రెండు రకాల రక్తం పలచన చేసే మాత్రలు వాడుతూ ఉండాలి. మూలుగ తీయడానికి ఎముకలో సూది గుచ్చాలి, రక్తం ఆగదని ఆ మాత్రలు ఆపమనొచ్చు. స్టెంట్ వేసిన డాక్టర్‌ని అడక్కుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోతే రెండో ఎటాక్, దానికి ఈఎఫ్ 30 గుండె తట్టుకోవడం కష్టం.

మా బాబాయి వరసాయన ఒకాయన ఇలాగే చేయించుకున్నాడు, నాకు చెప్పకుండా, చెప్తే తిడతానని. సెల్స్ వల్ల ఆయనకేం కాలేదు. కానీ అక్కడెవరో ఇంక మందులు నెమ్మదిగా తగ్గించుకోవచ్చు అన్నారట, ఈయన నెమ్మదిగా కాదు మొత్తం మానేశాడు. రెండున్నర నెలలకి అర్ధరాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఎమర్జెన్సీలో పడ్డాడు. బతికాడు. పొలం మాత్రం తిరిగి రాలేదు.

ఆ డబ్బు ఉంచుకుని చేయాల్సింది చాలా ఉంది. ఈఎఫ్ తక్కువున్న గుండెకి నాలుగు రకాల మందులు కలిపి వాడాలని ఇప్పుడు అన్ని గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ (లేదా రామిప్రిల్ లాంటిది), మెటోప్రొలాల్ లేదా బిసోప్రొలాల్ లేదా కార్వెడిలాల్, స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లెరెనోన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. చివరిది షుగర్ మందు కదా మాకెందుకు అంటారు, షుగర్ లేకపోయినా గుండెకి ఇస్తారు, డాపా-హెచ్ఎఫ్ అని 4744 మందితో చేసిన ట్రయల్‌లో గుండె ఫెయిల్యూర్ ముదరడం, గుండె జబ్బుతో చనిపోవడం కలిపి 26 శాతం తగ్గింది, అదీ డమ్మీ మాత్రతో పోల్చి. ఇండియాలో పేటెంట్ అయిపోయాక జెనరిక్స్ వచ్చి రేటు బాగా దిగింది. నాన్నగారి చీటీలో ఈ నాలుగూ ఉన్నాయా, ఉంటే డోసు పెంచుకుంటూ వచ్చారా లేక డిశ్చార్జ్‌లో రాసిన చిన్న డోసే ఇంకా నడుస్తోందా? నేను చూసినంతలో ఎక్కువమంది దగ్గర ఆ చిన్న డోసే నడుస్తుంది, చీటీ మడతల్లో చిరిగిపోయేదాకా. బీపీ, పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ పెంచాలి కాబట్టి మీ అంతట మీరు మార్చొద్దు, డాక్టర్‌ని పెంచుతారా అని అడగండి.

మూడు నెలలు సరైన మందులు వాడాక కూడా ఈఎఫ్ 35 లోపే ఉంటే ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న పరికరం) అవసరమా అని అడగాలి, ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్లాక్ (ఎడమ గదికి కరెంటు ఆలస్యంగా అందడం) ఉంటే సీఆర్‌టీ (గుండె రెండు పక్కలూ కలిసి కొట్టుకునేలా చేసే పేస్‌మేకర్) గురించి కూడా. వీటికి ఖర్చవుతుంది గానీ మనుషుల్ని బతికిస్తాయని కంట్రోల్ గ్రూపులు పెట్టి రుజువు చేసినవి. ఇంట్లో రోజూ పొద్దున్నే బరువు చూసి రాయండి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు నీరు, వెంటనే ఫోన్ చేయాలి. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు... చెప్పక్కర్లేదనుకుంటా, ఆయన వినరనీ తెలుసు.

డిశ్చార్జ్ ఎకో తప్ప తర్వాత తీసింది ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ముందు అది తీయించండి, సింప్సన్స్ బైప్లేన్‌లో కొలిచి పద్ధతి పేరు రిపోర్టులో రాయమని అడగండి, అడిగితే రాస్తారు. ఆ రిపోర్టు, మందుల చీటీ ఫోటో రెండూ పేరు, ఫోన్ నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, డోసుల గురించి డాక్టర్ని ఏమేం అడగాలో చూసి చెప్తా.